ఒక గుమ్మం, నాలుగు పొయ్యిలు

"మన కంప్యూటరమ్మ పోనాది బాబూ. గుండాగిపోనాదట."

జాలరిపేట నుంచి చేపలమ్మే ఆవిడ ఫోను చేస్తే తెలిసింది నాకు. పదకొండేళ్ళు కంప్యూటరు ముందు చాకిరీ చేయించుకున్న హౌసింగ్ ఆఫీసు ఎవరికీ చెప్పలేదు. నేనే ఫోను చేసి నిలదీస్తే, "ఆవిడ మా స్టాఫ్ కాదండి, కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి" అన్నారు. సంతాపం తెలపడానిక్కూడా పర్మనెంటు అయి ఉండాలన్నమాట!

వన్‌టౌన్‌లో టైలరుగారి కూతురు ఆమె. మా పరిచయం పోట్లాటతోనే మొదలైంది. కొత్త ఇళ్ళ జాబితాలో జాలరిపేట కుటుంబాలు సగానికి పైగా మాయం. "మీ కంప్యూటరు మింగేసిందా మా జనాన్ని?" అని పేట సంఘం తరఫున వెళ్ళి బల్ల గుద్దాను. ఆమె టీ ఒలికిపోయింది.

తుడుచుకుంటూ అంది: "దాన్నెందుకు తిడతారన్నా? అది సెప్పినట్టే సేసింది. సెప్పినోళ్ళని తిట్టండి. ఆళ్ళు సెప్తే నొక్కింది నాను. నన్నూ తిట్టండి."

తర్వాత తెర నా వైపు తిప్పింది. సర్వే ఫైలు ఒకటి, రేషన్ కార్డుల ఫైలు ఒకటి. డోరు నంబరు పట్టుకుని రెంటినీ కలిపారు. జాలరిపేటలో ఒకే డోరు నంబరు వెనక నలుగురు అన్నదమ్ములు, నాలుగు కాపురాలు. ఒక్కో కుటుంబానికీ నాలుగు కార్డులూ అతుక్కుని, నాలుగు వరసలు కాస్తా పదహారయ్యాయి. పై అధికారి చూసి "డూప్లికేట్లు, తీసెయ్" అన్నాడు. డోరుకి ఒక్క వరస మిగిలింది. మూడు కుటుంబాలు గాల్లో కలిశాయి.

"కలిపే ముందు ఎన్ని, కలిపాక ఎన్ని? ఇది సూడాలన్నా. పెరిగితే, ఫైలేటి పిల్లల్ని పెట్టిందా అని అడగాలి. అడక్కుండా నరికేశాం."

ఆ ఆదివారం తనే జాలరిపేట వచ్చింది. నాకు ఫోను చేసిందని ఇందాక చెప్పిన ఆవిడే, మూడో తమ్ముడి భార్య, ఆమెను గుమ్మంలోనే నిలేసింది: "గుమ్మం ఒకటైతే కడుపూ ఒకటేనేటమ్మా?"

కంప్యూటరమ్మ పడవకి వెయ్యగా మిగిలిన నీలం రంగు అడిగి, ఒక్కో పొయ్యి పైన గోడ మీద ఒక్కో అంకె వేసింది. ఏ కార్డు ఏ పొయ్యిదో రాసుకుంది. రెండు ఫైళ్ళలోనూ డోరు నంబరు పక్కన పొయ్యి నంబరు చేర్చి మళ్ళీ కలిపింది. నాలుగుకి నాలుగు.

"పొయ్యి నంబరు ఏ రూల్లో ఉందమ్మా?" అన్నాడు అధికారి.

"రూల్లో లేదు సార్. గోడ మీదుంది."

ఉద్యోగం ఊడొచ్చని తెలిసే అంది ఆ మాట. నాలుగు పేర్లూ జాబితాకెక్కాయి. నేను మైకు ముందు 'వ్యవస్థ, వ్యవస్థ' అని గొంతు చించుకునేవాణ్ణి. ఆ వ్యవస్థ ఏ గడిలో, ఎవరి వేలి కింద మనిషిని మింగుతుందో చూపించింది మాత్రం ఆమె. ఆ రుణం తీరేది కాదు.

ఆ ఇళ్ళు ఇంకా పునాదుల దగ్గరే ఉన్నాయి. ఆమె పోయిన వారానికి జాబితా కొత్తగా తీసి అతికించారు. పొయ్యి నంబరు గడి అనవసరమని కొట్టేశారట! మళ్ళీ డోరుకి ఒక్కటే పేరు. ముందెన్ని, తర్వాతెన్ని అని అడగడానికి ఆ కుర్చీలో ఎవరూ లేరు.

నిన్న ఆ జాబితా నకలు పట్టుకుని జాలరిపేట వెళ్ళాను. మూడో పొయ్యి ఆవిడ నా చేతిలోని కాగితం వైపైనా చూడలేదు. చేపల బుట్ట దించి, పుల్లలు ఎగదోసే ముందు, కొంగుతో గోడ మీది మసి తుడిచింది.

కింద నీలం రంగు 'మూడు' ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.