ఆగ్నేయ మూలకి జరిగిన కంప్యూటరు

రాజమండ్రిలో నేను పనిచేసిన శుభలేఖల షాపులో నాలుగు కంప్యూటర్లుండేవి. మూడు కొత్తవి. నాలుగోది షాపు తెరిచిన కొత్తలో కొన్నది. దాని తెల్లరంగు పాతబడి పసుపులోకి దిగింది. ఆన్ చేస్తే లోపలి ఫ్యాను గరగరమని మొదలై, కాసేపటికి గాని సర్దుకునేది కాదు.

అయినా గది మధ్యలో బల్ల వేసి కూర్చోబెట్టింది దాన్నే. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు దాంట్లోనే నడిచేది. కొత్తవాటి మీద ఎన్నిసార్లు ఎక్కించినా తెరుచుకోలేదు. ప్రింటరు కూడా దానికే తగిలించి ఉండేది. వినాయకుడి బొమ్మలూ, తోరణాలూ, వధూవరుల ఫోటోలూ కొత్తవాటిలో తయారయ్యేవి. అక్షరాలు మాత్రం పాతదాంట్లోంచి వెళ్ళాలి, పూర్తయిన శుభలేఖ మళ్ళీ దాని దగ్గరికే రావాలి. ఒక నల్లటి వైరు, ఒకదాని వెనక నుంచి ఇంకోదాని వెనక్కి పోతూ, నాలుగింటినీ కలిపేది.

ఆ పాతదాని ముందు కుర్చీ నాది. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం అక్కడే అలవాటైంది. మా ఓనరు గారు నన్ను పుస్తకాల పంతులని పిలిచేవారు. అందులో వెటకారం ఎంతో, ముచ్చట ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

ఒక ఏడాది దసరా వెళ్ళాక, కార్తీక మాసం పెళ్ళిళ్ళకి ఇచ్చిన ఆర్డర్లు రెండు మూడు వెనక్కి పోయాయి. ఓనరు గారు దిగులుపడి ఒక సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. ఆయన గదంతా కలయజూసి, పాత కంప్యూటరు దగ్గర ఆగారు.

"నడిమధ్యన ఈ బరువేంటండీ? ఇక్కడ బ్రహ్మ ఉంటాడు. కరెంటు వస్తువు కదా, ఆగ్నేయానికి జరిపించేయండి."

శుక్రవారం ఉదయం మంచి ఘడియ పెట్టారు. పదిన్నరకి రాహుకాలం వస్తుంది, ఆలోగా అయిపోవాలి. బల్లా, ప్రింటరూ మోసే పని నాది, వైరు పని ఓనరు గారిది. ఇంతకుముందు వైరు వరసలో రెండోదిగా ఉన్న పాత కంప్యూటరు ఇప్పుడు చివరిదైంది. ఆయన ఆదరాబాదరాగా విప్పి, బిగించి, రాహుకాలానికి ముందే కొబ్బరికాయ కొట్టేశారు.

ఆన్ చేసి చూస్తే నాలుగూ వేటికవే బాగా పనిచేస్తున్నాయి. ఒకదానికొకటి మాత్రం కనబడటం లేదు. ఫోటోలున్న శుభలేఖ ఫ్లాపీలో పట్టదు. అంటే షాపు నిలిచిపోయినట్టే.

మధ్యాహ్నం కంప్యూటర్లమ్మే షాపు నుంచి ఇంజనీరు వచ్చాడు. నా ఈడువాడే, నెమ్మదస్తుడు. చాలాసేపు వైర్లు కదిపి చూసి, ఈ రకం వైరు తాను చదువుకునేటప్పటికే వాడుకలోంచి పోయిందని ఉన్నమాట చెప్పాడు. పాత కంప్యూటరుకి ఇప్పటి వైరు సరిపోదనీ, అది తీసుకుని కొత్తది ఇవ్వగలమనీ, సోమవారం వచ్చి పట్టుకెళతాననీ అన్నాడు. ఓనరు గారు సరేనన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"తెలుగు ఈ సీజనుకి బయట టైపు చేయించుకుంటానయ్యా. నీ సంగతి వేసవిలో చూద్దాం."

ఆ కంప్యూటరుతో పాటు నా కుర్చీ కూడా పోతోందని అర్థమైంది. భయం వేసింది. కానీ సైకిలు మీద ధవళేశ్వరంలో మా ఇంటికి వెళుతున్నంతసేపూ నన్ను తొలిచింది మరో ప్రశ్న. అవే యంత్రాలు, అదే వైరు. చోటు మారితే ఏం మారింది?

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. శనివారం సాయంత్రం వెళ్ళి అలమరాలో వెతికితే, ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఇలాంటి వైరు చివరలని వట్టిగా వదలకూడదట. వదిలితే పోయిన సంకేతం చివరిదాకా వెళ్ళి, తగిలి, వెనక్కి వచ్చి, ఎదురొచ్చేవాటిని చెడగొడుతుందట. మాటలన్నీ తెలిశాయి, విషయం మాత్రం పట్టుబడలేదు. ఏమీ లేనిచోట ఏది తగిలి వెనక్కి వస్తుంది?

ఆదివారం పొద్దున్నే మా ఊళ్ళో కాలవ నీళ్ళని ఆపే లాకుల దగ్గర నిలబడ్డాను. కాలవలో పడవ ఒకటి వెళితే అల లేచింది. మూసిన లాకు తలుపుకి కొట్టుకుని అలాగే వెనక్కి మళ్ళింది. ఎదురుగా వస్తున్న అలతో కలిసి నీళ్ళన్నీ గజిబిజి అయ్యాయి. అవతలి గట్టు వెంట నీళ్ళ మీద గుర్రపుడెక్క దట్టంగా పెరిగి ఉంది. అటు వెళ్ళిన అల ఆకుల్లోకి దూరి కాస్త ఊగించి, అక్కడే అణిగిపోయింది. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. వైరు చివర గుర్రపుడెక్కలాంటిది ఏదో ఉండి ఉండాలి అనిపించింది.

సోమవారం షాపు తీయగానే ఓనరు గారిని అడిగాను, శుక్రవారం వైరు మార్చేటప్పుడు దాని చివర్నించి ఏదైనా ఊడిందా అని.

"ఊడ్డమేంటి, నేనే తీశాను. చిన్న మూత. దుమ్ము పడకుండా పెట్టారనుకున్నా."

"ఎక్కడుందండీ?"

"రాహుకాలం తరుముకొస్తుంటే మూత ఎక్కడ పెట్టానో గుర్తుంటుందా పంతులూ?"

సొరుగులో రబ్బరుబ్యాండ్ల కింద దొరికింది. అప్పటికే ఇంజనీరు అట్టపెట్టెతో వచ్చి ఉన్నాడు. నా కాలవ కథ విని నవ్వలేదు. మీటరు తీసి మూతకి ఆనించాడు. ముల్లు కదిలింది.

"ఇది ఉత్త మూత కాదండీ. లోపల ఏదో పెట్టారు."

పాత కంప్యూటరు వెనక ఖాళీగా ఉన్న చివరకి దాన్ని తనే బిగించాడు. తెర మీద నాలుగు కంప్యూటర్ల పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఓనరు గారు తెరని తాకి కళ్ళకద్దుకున్నారు.

"చూశారా, ఆగ్నేయం దాని మహిమ చూపించింది. సిద్ధాంతి గారి మాటంటే మాటే. అట్టపెట్టె తీసుకెళ్ళిపోండి, ఇది ఎక్కడికీ కదలదు."

ఇంజనీరు నా వంక చూశాడు. కంప్యూటరు ఉంటోంది, కుర్చీ ఉంటోంది; మహిమ ఎవరిదైతే నాకేం? నా మనసంతా మూత మీదే ఉంది. ఆ అల లోపలికి వెళ్ళి ఏమవుతుందని ఇంజనీరుని అడిగాను. వేడిగా మారిపోతుందన్నాడు, చేతికి తెలియనంత వేడి.

తెలియదన్నా సరే, బల్ల కిందికి వంగి మూత మీద వేలు పెట్టి చూశాను. చల్లగానే ఉంది. కాసేపు అలాగే ఉంచాను. పైనుంచి ఓనరు గారి గొంతు వినిపించింది, కాకినాడ వాళ్ళ శుభలేఖ ఎంతవరకు వచ్చిందని.