బాపు మోకాళ్లు

మొన్న మా మనవరాలి కూతురు పదో తరగతి పరీక్షల కాగితం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఒంటి మీది గుర్తులు రెండు అందులో రాయాలట. మెడ మీద పుట్టుమచ్చ ఒకటి దొరికింది గానీ రెండోది ఎంత వెతికినా దొరకలేదు. నేను అరవై దాటాక పలక పట్టినదాన్ని, ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కునే చదువుతాను. ఆ గడి మీద వేలు పెట్టి చదివి, "మోకాలు మీద మచ్చ రాయి, మొన్న ఆటల పడ్డవ్ గద" అన్నాను. "గది మానిపోతది అవ్వా, మానిపోయేటివి రాయొద్దంట" అని కాగితం తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా మా బాపు మోకాళ్లే నా కళ్ల ముందు తిరిగాయి.

ఇబ్రహీంపట్నం చెరువు కింద మా బాపుకు రెండెకరాల మడి, ఒక జత ఎడ్లు, ముగ్గురు ఆడపిల్లలు ఉండేవాళ్లు. వీటన్నిటితో పాటు చెడుగుడు ఉండేది. వీటిలో ఏది ముందని అమ్మ నిలదీస్తే నవ్వి ఊరుకునేవాడు. కోతలు కాగానే ఎండిన మడిలో కర్రతో గీత గీసి, ధోతి మోకాళ్ల పైకి ఎగచెక్కి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో పొద్దుగూకే దాకా ఆడేవాడు. పొట్టి మనిషి, పట్టుకుంటే జారిపోయేవాడు. అందుకే కూత పట్టి అవతలి జట్టులోకి పోయే పని ఎప్పుడూ ఆయనదే, కింద పడి కొట్టుకుపోయిన మోకాళ్లూ మోచేతులూ ఆయనవే. ఆట లేని రోజుల్లో ఇంట్లోనే దమ్ము సాధన చేసేవాడు. మా చెల్లెలిని భుజాన వేసుకుని, జోలపాటకు బదులు ఒకే ఊపిరిలో "చెడుగుడు గుడుగుడు" అంటూ వాకిట్లో తిరిగేవాడు. అది హాయిగా నిద్రపోయేది. అమ్మ గాయపాకు నలిపి, పసుపు కలిపి, తిడుతూనే ఆయన దెబ్బలకు పూసేది. మందు ఎంతసేపు పూస్తే తిట్టు అంతసేపు సాగేది.

రజాకార్ల భయం తీరిందని మా వాడ వాళ్లు ఊపిరి పీల్చుకున్నారో లేదో, పోలీసు యాక్షన్ వెనకాలే, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం వెతకడం మొదలైంది. సంఘపోళ్లు ఆకలితో వస్తే రొట్టెలు కట్టిచ్చిన ఇళ్లలో మాదీ ఒకటి. కాని బాపు ఏనాడూ దళంలో లేడు. ఒక ఉదయం మిలిటరీ లారీ వచ్చి ఊరి చావడి ముందు ఆగింది. మగవాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి మోచేతులు, మోకాళ్లు చూడటం మొదలుపెట్టారు. గుట్టల్లో తుపాకులు పట్టుకుని పాకేవాళ్లకు అక్కడ చర్మం లేచిపోయి ఉంటుందని వాళ్ల లెక్క. ఆ లెక్కన మా బాపును మించిన దళం మనిషి ఆ జిల్లాలోనే దొరకడు. సాక్ష్యం చెప్పడానికి ఆయనతో ఆడేవాళ్లు కూడా లేరు, అంతా మంచాల ఊరి వైపు కూలికి పోయి ఉన్నారు. బాపునూ ఇంకో ఇద్దరినీ పక్కన నిలబెట్టారు. పొద్దు నెత్తికెక్కే లోపు వాళ్లను పట్నం జైలుకు తీసుకుపోతారని కబురు వచ్చింది.

అమ్మ పొయ్యి మీది గటక దించకుండానే బయలుదేరింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయి. ఆమె కొంగు పట్టుకుని నేనూ పరుగెత్తాను. చావడి అరుగు మీద కుర్చీలో ఒక అధికారి కూర్చుని ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. మా ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి పక్కన నిలబడి ఆయనకు ఉర్దూలో చెబుతున్నాడు. అమ్మ ఎవరినీ అడగకుండా నేరుగా బాపు దగ్గరికి పోయి ఆయన ధోతిని మోకాళ్ల పైకి లేపింది.

"సారూ, గీ కుడి మోకాలు జూడు. గిది దసర పండుగకు కొంగరకలాన్‌ల పడ్డది. పోవద్దన్న, ఇన్నడా? గీ పిక్క మీదిది రాయి గుచ్చుకున్నది, మా మడిలనే. గీ ఎడమ మోకాలు మా చిన్నబిడ్డ పుట్టిన దినం. నేను నొప్పులు వడుతున్న, మంత్రసానిని పిల్కరమ్మంటే పోయి కూత పట్టిండు గీ మనిషి!"

అట్లా ఒక్కో మచ్చకూ ఊరు, పండుగ, తిట్టు కలిపి చాలాసేపు చెప్పింది. పట్వారి గొంతు సవరించుకుని, "ఆటలాడుతడంట సాబ్" అన్నాడు. ఇంతసేపూ చెప్పింది అదేనా అని అధికారి అడిగితే, "తక్కినవి తిట్లు సాబ్" అన్నాడు.

అధికారి లేచి వచ్చి బాపు ఎడమ మోచెయ్యి తిప్పి చూపించాడు. దాని మీద ఇంకా పచ్చి ఆరని గాయం ఉంది. అమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. ఆ గాయానికి ఆమె పసుపు పూయలేదు. అది ఎప్పటిదో ఆమెకు తెలియదు. సిపాయి ఒకడు లారీ వెనక తలుపు దించాడు.

"గిదేందయ్యా?" అంది అమ్మ.

బాపు నేల చూపులు చూశాడు. "మొన్న నీ ఆడబిడ్డను చూసొస్తనని జల్‌పల్లికి బయలెల్లిన గద. నడుమల రావిర్యాల తగిలింది."

"పోలేదా జల్‌పల్లికి?"

"ఆట అయ్యేసరికి చీకటైంది."

"మరి బాలెంతకని కట్టిచ్చిన బెల్లం, సొంఠి?"

బాపు సిపాయి వైపు ఒక అడుగు జరిగాడు. ఆఖరికి, "బెల్లం... ఆటగాళ్లు తిన్నరు" అన్నాడు.

ఇక అమ్మకు తుపాకులు, లారీ, అధికారి ఎవరూ కనిపించలేదు. "పచ్చి బాలెంత నోటికాడి బెల్లం దున్నపోతుల లెక్క తిన్నరా! ఆమె నన్నేమనుకుంటది? వదినె చేతులు రాలేదనుకోదా? ఉండు, నిన్ను లారీ ఎక్కిచ్చుడు గాదు, నేనే ఎక్కి తొక్కుతా!" అని నెత్తి మీది కొంగు జారిపోతున్నా చూసుకోకుండా ఆయన మీదికి పోయింది. బాపు రెండడుగులు వెనక్కి వేసి సిపాయి వెనక దాక్కున్నాడు. సిపాయే ముందు నవ్వాడు. అధికారి పట్వారిని అడిగాడు, పట్వారి ఈసారి బెల్లం కథ మొత్తం చెప్పాడు. అధికారి నవ్వు ఆపుకుంటూ ఏదో అంటే పట్వారి మాతో అన్నాడు. "నేర్పిచ్చిన అబద్ధమైతే బెల్లం దాక పోదంటున్నడు. తీస్కపో నీ మొగన్ని."

ఆ లారీ ఖాళీగా పోలేదు. తక్కిన ఇద్దరూ అందులో పోయి ఏడాదికి గాని తిరిగి రాలేదు.

మర్నాడు అమ్మ మళ్లీ బెల్లం, సొంఠి మూట కట్టింది. ఈసారి తానే పట్టుకుని, బాపును ముందు నడిపించుకుంటూ, చెల్లెలిని చంకన వేసుకుని, నన్ను తీసుకుని జల్‌పల్లికి బయలుదేరింది. రావిర్యాల మడుల దగ్గర గీత గీసి ఉంది. అక్కడివాళ్లు బాపును చూసి కేకేశారు. "అన్నా, మిలిటరోళ్లు నిన్ను పట్కపోయిన్రంటిరి! రా, ఒక్క కూత!" బాపు తల వంచుకుని నడక పెంచాడు. నాలుగడుగులు పోయాక వెనక అమ్మ అడుగుల చప్పుడు ఆగింది. చూస్తే ఆమె గట్టు మీద కూర్చుని, బెల్లం మూటను ఒళ్లో గట్టిగా పెట్టుకుంది.

"రెండు కూతలు" అంది, ఆయన వైపు చూడకుండా. "మోకాలు పలిగితే నన్నడగొద్దు."

బాపు ఆడటం అమ్మ చూడటం అదే మొదటిసారి. ఆయన కూత పట్టి గీత దాటగానే ఆమె పెదవులు బిగించింది. నలుగురు మీద పడి కాళ్లు పట్టుకున్నారు. మట్టి లేచింది, మనిషి కనిపించలేదు, కూత మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉంది. ఆ మట్టిలోంచి ఒక చెయ్యి సాగి గీతను తాకేదాకా అమ్మ కూడా ఊపిరి బిగబట్టే ఉందని, ఆమె వదిలిన నిట్టూర్పు వింటే నాకు తెలిసింది. ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్లు బాపు మా మధ్య ఉన్నాడు. ఆ ఏళ్లన్నీ ఎట్లా గడిచాయో వరసగా చెప్పమంటే చెప్పలేను గానీ, ఆయన గీత దాటి తిరిగి వచ్చేదాకా మేం గట్టు మీద కూర్చున్న ఆ కాస్త సేపు మాత్రం నా కాలంలో ఇంకా గడిచిపోలేదు.