మరియమ్మకు చెప్పని వార్త

నాకు అయిదేళ్లప్పుడు ఏడాదిపాటు లండన్‌లో ఉన్నాం. అక్కణ్ణించి అమ్మ పిన్నికి రాసిన ఉత్తరాలు ఈ వేసవిలో నా చేతికొచ్చాయి. ఓడలో విందులు, కొత్త కోట్లు, మా బేగంపేట బంగళాలో పరదాలు ఉతికించమని పురమాయింపులు. వాటి మధ్య ఈ మాటలు: "జూన్ పదకొండున మరియమ్మ తల్లి పోయిందని రాశావు. దానికిప్పుడు చెప్పను. ఏడుస్తూ కూర్చుంటే పిల్లను ఎవరు చూస్తారు?"

ఆ పిల్లను నేనే. మరియమ్మ మాతో లండన్ వచ్చిన మా ఆయా. తిరిగొచ్చాక, "మాకూ ఇప్పుడే తెలిసింది" అని అమ్మ ఆమెతో అనడం విన్నాను. అమ్మ ఇప్పుడు లేదు. నిజం చెప్పాల్సింది నేనే అనిపించింది.

విజయవాడలో ఉదయం ఆరుంపావు బండి ఎక్కాను. ఖమ్మంలో ఇడ్లీ పొట్లం కొంటే చట్నీ పులిసింది. ఇంటి నుంచి అరటిపళ్లు తెచ్చుకోవడం మేలు. ఎదుటి సీట్లోని పంతులమ్మగారు నా ఒళ్లో నీలం కవర్లు చూసి, "ఫారిన్ ఉత్తరాలా? అదృష్టవంతులండీ" అన్నారు. నవ్వి కవర్లు సంచిలో పెట్టేశాను.

పన్నెండున్నరకు సికింద్రాబాదు. స్టేషన్ ఎదుట భోంచేసి, మరియమ్మ ఉండే మల్కాజ్‌గిరికి బస్సెక్కాను. "చర్చి కాడ దిగుండ్రి, జెర లోపటికి నడవాలె" అన్నాడు కండక్టరు.

రెండు గంటలకు ఇల్లు దొరికింది. మరియమ్మకు చూపు మందగించింది గానీ, నా గొంతు వినగానే లేచింది. "బేబీ! గిట్ల చెప్పకుండ వస్తవా? అన్నం తిన్నవా?"

ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మూడోసారి చదివేశాను.

ఆమె కొంగు మడతలు పెడుతూ అంది. "నాకు గప్పుడే ఎరుకైంది. అమ్మగారు రోజు తిట్టేది. ఊరి నుంచి ఉత్తరం వచ్చినంక ఒక్కపారే తిట్టుడు బంద్ జేసింది. మా అమ్మకే ఏమో అయిందని పరేషాన్ అయిన."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఔనంటది గద బిడ్డా. అడగకుంటే, ఇంటికొచ్చేదాంక మా అమ్మ ఉన్నట్టే."

అమ్మ తరఫున క్షమించమన్నాను. ఆమె అది పట్టించుకోలేదు. "తారీఖు ఇంకోపారి చదువు" అంది.

"జూన్ పదకొండు."

"మా అన్నకు యాదిలేకుండె. వానలు షురూ అయిన దినాలన్నడు, గంతే. ఇగ ఏటేటా ఆ దినం చర్చిల ప్రార్థన పెట్టిస్త."

ఆ ఉత్తరం ఆమెకే ఇచ్చేశాను. బైబిల్లో పెట్టుకుంది. బలవంతాన టీ తాగించి, బస్సు దాకా నా చెయ్యి పట్టుకునే వచ్చింది.

తిరుగు బండి అయిదింటికి. దారిలో మిగతా ఉత్తరాలన్నీ చదివాను. లండన్‌లో నాకు స్నానం చేయించింది, అన్నం తినిపించింది, పడుకోబెట్టింది మరియమ్మే. ఆ ఉత్తరాల్లో మరెక్కడా ఆమె పేరు లేదు.