ఫ్లెక్సీ మీద పడని మాట

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్లతో కొట్లాటకు దిగే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం కాదు, ఒళ్లు మండుతుంది.

ఎర్రగుంట్లలో నాకు ఫ్లెక్సీలు అచ్చేసే అంగడి ఉంది. పోయిన ఎండాకాలం ఒక ఉదయం నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఓనరు వచ్చాడు. వెంట మరియమ్మ. ఆమె భర్త యేసేపు ఆ యూనిట్‌లోనే పనిచేస్తూ చనిపోయాడు. పోయినాయన కోసం చర్చిలో జరిపే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ కావాలి. ఏం రాయాలో అంతా ఓనరే చెప్పాడు, నేను టైపు చేశాను: "గుండెపోటుతో ప్రభువునందు నిద్రించిరి."

ఫ్లెక్సీ బయటికొచ్చింది. ఫోటో బాగుంది, పేరు బాగుంది. "గుండెపోటుతో" ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఖాళీ. పక్కనే "ప్రభువునందు నిద్రించిరి" నల్లగా, నిండుగా పడింది.

నల్ల ఇంకు చిమ్మే మిషన్ హెడ్‌లో గడ్డకట్టిందనుకున్నాను. ఇంకు రంధ్రాలు పూడాయేమోనని నాజిల్ చెక్ గీతలు వేసి చూస్తే ఒక్కటి కూడా తెగలేదు. అయినా హెడ్ కడిగి, చిన్న ముక్క మీద మళ్లీ వేశాను. ఖాళీ. ఆ మాటకు ఎరుపు పెట్టాను. ఖాళీ. పై వరుసకు జరిపాను. అక్కడా ఖాళీయే, పాత చోట వేరే మాట చక్కగా పడింది. కంప్యూటర్ తెర మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోపం పట్టలేక మిషన్ మూత మీద ఒకటి గుద్దాను.

ఓనరు అరిచాడు. "ఏమప్పా, ఒక్క మాట అచ్చేయను చేతగాదా? ఇట్లాంటి మిషన్ పెట్టుకోని అంగడి నడుపుతాండావా?"

మరియమ్మ ఫ్లెక్సీ వైపే చూస్తూ అంది: "గుండెపోటు కాదన్నా. బండలెత్తే గొలుసు తెగి, బండ ఆయప్ప మీద పడింది. గొలుసు మార్చమని ఆయప్ప శానాసార్లు చెప్పినాడు."

"నోరు మూసుకో!" అంటూ ఓనరు ఆమె మీదికి పోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "ఆయమ్మ మీద చెయ్యి పడిందంటే బాగుండదు, చెప్తాండా. నడువు బయటికి."

ఓనరు ప్రొద్దుటూరులో ఇంకో ఫ్లెక్సీ వేయించుకున్నాడు. అక్కడ ఆ మాట పడిందట. మరియమ్మ మాత్రం ఖాళీ ఉన్నదాన్నే చుట్టుకొని పోయింది. కూడికలో దాన్నే కట్టించింది.

వారం తిరక్కుండా, గుండెపోటుతో పోయిన ఒక రిటైర్డ్ టీచరు ఫ్లెక్సీలో అదే మాట, అదే మిషన్ మీద, అదే ఇంకుతో శుభ్రంగా పడింది. మెకానిక్‌ను పిలిపిస్తే ఏ లోపమూ లేదన్నాడు. ఆ రోజు ఎందుకు పడలేదో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు.

యేసేపు ఎట్లా పోయాడో తోటి కూలీలు నాకు ముందురోజే చెప్పారు. తెలిసి కూడా, ఆ మాటను నాలుగుసార్లు అచ్చేయాలని చూసింది నేనే.