అంతర్వేదికి శుభలేఖతో ముగ్గురం

మా అబ్బాయి పెళ్ళి కుదిరినప్పటి నుంచీ నా మీద రెండు పనులు పడ్డాయి. ఒకటి పెళ్ళి పనులు. రెండోది మా ఆయన్నీ, వాళ్ళ అక్కగారినీ మాట్లాడించడం. మొదటిదానికి సాయం చేసేవాళ్ళు దొరికారు.

మా సత్యవతి వదిన రాజమండ్రిలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది. రెండేళ్ళ కిందట శ్రావణంలో పులస పులుసు పెట్టి, మమ్మల్నీ తన వియ్యంకుడినీ భోజనానికి పిలిచింది. మా ఆయన మూడుసార్లు వడ్డించుకుని, వేళ్ళు నాక్కుంటూ, "అక్కా, ఇది పులస కాదే, ఒరిస్సా నుంచొచ్చే చవక ఇలస" అన్నారు. వియ్యంకుడుగారు తింటున్న ముద్దని ఒకసారి పరీక్షగా చూశారు. అంతే, ఆ పూట నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

పెళ్ళి మూడు వారాల్లో పడింది. వదిన తెగేసి చెప్పింది: "వాడు నోరు తెరిచి పిలిస్తేనే వస్తాను. నువ్వు కార్డు తెచ్చిస్తే తలుపు తియ్యను." మేనత్త రాకుండా పీటల మీద పెళ్ళికొడుకుని ఎలా కూర్చోబెడతాం? ఈయన్ని అడిగితే, "ముందు అది పులస కాదని ఒప్పుకోమను" అన్నారు.

ఇద్దరూ కాదనలేని వాడు అంతర్వేది నరసింహస్వామి ఒక్కడే. మొదటి శుభలేఖ స్వామి పాదాల దగ్గర పెట్టాలని, మేనత్త చేతుల మీదుగా పెడితే మంచిదని చెప్పాను. వదిన స్వామి కోసం ఒప్పుకుంది. ఈయన శుభలేఖ కోసం ఒప్పుకున్నారు. ఎలాగూ వెళ్తున్నాం కదా, దారిలో చూడాల్సినవి చూసుకుంటూ, పడవ మీద గోదారి దాటి, నరసాపురం నుంచి రైల్లో వచ్చేద్దామనుకున్నాం. మీరూ వెళ్ళొచ్చు, ఒక్క రోజులో అయిపోతుంది.

ఉదయం ఆరు పదికి బయల్దేరాం. ఆటోలో ఆవిడ ఓ చివర, ఈయన ఓ చివర, మధ్యలో నేను, నా ఒళ్ళో భోజనం కేరేజీ. ఆరూ నలభైకి ధవళేశ్వరం ఆనకట్ట. ఫాల్గుణమాసం కదా, నీళ్ళు తగ్గి మధ్యలో ఇసక తిన్నెలు తేలాయి. తలుపుల అవతల నిండుగా ఉన్న గోదారి, ఇవతల రాళ్ళ మధ్య సన్నగా జారుతోంది. పొద్దున్నే చూడాల్సిన చోటు, ఎండెక్కితే నిలబడలేం.

"లక్ష్మీ, మీ ఆయన్ని అంచుకి వెళ్ళద్దని చెప్పు" అంది వదిన.

"నాకు అరవై రెండేళ్ళని ఆవిడకి చెప్పు" అన్నారు ఈయన.

ఇద్దరికీ మధ్య రెండడుగుల దూరం. చెప్పాను.

ఏడున్నరకి కడియపులంక. రోడ్డుకి రెండువైపులా మైళ్ళ తరబడి నర్సరీలు. లోపలికి వెళ్ళి చూడ్డానికి టికెట్టేమీ లేదు, కానీ ఖాళీ చేతుల్తో బయటికి వచ్చినవాళ్ళని నేను చూడలేదు. అడుగెత్తు లేని బొగడపంతి నుంచి, ఏనుగు ఆకారంలో కత్తిరించిన పొద దాకా అన్నీ ఉన్నాయి. మా ఆయన ప్రతి మొక్కకీ ఫోటో తీశారు. ఏనుగుకి నాలుగు తీశారు.

వదిన ఒక నిమ్మ మొక్క ఎంచింది. "లక్ష్మీ, ఇది మీ పెరట్లో వేసుకోమని మీ ఆయనకి చెప్పు."

"మా పెరట్లో నీడ ఎక్కువ, కాయదని చెప్పు."

"నీడ పడని మూల ఒకటుందని చెప్పు. ఆ ఇంట్లో పుట్టిందాన్ని, నాకు తెలీదా?"

నర్సరీ అతను మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, నన్ను పక్కకి పిలిచాడు. "సారుకి వినపడదా అండి?" అన్నాడు జాలిగా. అవునో కాదో నేను తేల్చుకునేలోపే మొక్క కవరుకి తాడు కట్టేసి, మా ఆయన చెవి దగ్గరికి వచ్చి, "రోజూ! నీళ్ళు! పొయ్యాలండి!" అని కేక పెట్టాడు. ఈయన ఎగిరిపడ్డారు. వదిన కనకాంబరాల వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. రెండేళ్ళలో ఈయన వల్ల ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఎనిమిదీ ముప్పావుకి హైవే మీద రాజోలు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి మా ఇద్దరికీ సున్నా టికెట్లు ఇచ్చి, కండక్టరమ్మ ఈయన దగ్గర మాత్రం డబ్బులు తీసుకుంది. "మొత్తం బస్సులో టికెట్టు కొన్నది నేనూ, ఆ ముందు సీటు తాతా!" అన్నారు ఈయన ఎవరికీ చెప్పనట్టుగా.

ఆ తాతగారు తెల్లటి పంచె, మెడలో తువ్వాలుతో రావులపాలెం దాకా మమ్మల్నే గమనించారు. వదిన ఈయన్ని కిటికీ మూయమనడం, నేను చెప్పడం, ఈయన మూయనని నాకు చెప్పడం అన్నీ విన్నారు. చివరికి ఉండబట్టలేక వెనక్కి తిరిగారు.

"బాబూ, అక్కగారు చెబితే వినపడట్లేదు. అదే మాట భార్య చెబితే వినపడుతోంది. ఇదెక్కడి చెవుడు బాబూ? మా ఊళ్ళో అందరికీ దీనికి తిరగేసి ఉంటుంది!"

బస్సంతా నవ్వింది. కొత్తపేట దాటేదాకా ఈయన కొబ్బరితోటలే చూశారు. చూడదగ్గవే అనుకోండి, కాలవ గట్టున ఇళ్ళు, ప్రతి ఇంటికీ కాలవ మీద ఓ చిన్న వంతెన, మెట్ల మీద గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు వచ్చింది. కింద గోదారి పాయ, పైన కాలవ, కాలవ పక్కన మన బస్సు. నది మీద కాలవ పారడం చూడాలంటే ఎడం, కుడి రెండు కిటికీలూ కావాలి. మాకు రెండు కిటికీలూ ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒక పక్కన కూర్చోరు.

రాజోలు నుంచి ఆటో మాట్లాడుకుని పదకొండూ నలభైకి అంతర్వేది చేరాం. మధ్యాహ్నం గుడి తలుపులు వేసేస్తారు, ఆ లోపలే వెళ్ళాలి. వదిన శుభలేఖ పళ్ళెంలో పెట్టి అందించింది. అర్చకులు స్వామి దగ్గర ఉంచి, పసుపు కుంకుమలు చల్లి తిరిగి ఇచ్చారు. "మీరు పెళ్ళికొడుక్కి ఏమవుతారమ్మా?" అని అడిగారు. "మేనత్తనండి" అంది వదిన. నేను ఈయన వైపు చూశాను. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా, ఒక్క మాట అనండి అన్నట్టు కళ్ళతోనే బతిమాలాను. ఆయన స్తంభం మీద శిల్పాన్ని ఫోటో తీశారు.

బయటికొచ్చి, సరుగుడు చెట్ల నీడలో పులిహోర, పెరుగన్నం తిన్నాం. తర్వాత అన్నాచెల్లెళ్ళ గట్టు. వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోటు అది. మా ఆటో నడిపే అబ్బులు అన్నీ చూపిస్తున్నాడు. "ఇటు గోదారండి, అటు సముద్రం. ఇటు చప్పన, అటు ఉప్పన. ఇంతకీ తమరిద్దరూ అన్నాచెల్లెళ్ళేనా అండి?"

"అక్కాతమ్ముళ్ళం!" అన్నారిద్దరూ ఒక్కసారే, చెరో దిక్కుకి చూస్తూ.

ఈయన ప్యాంటు మడిచి దిగి, నదివైపు నీళ్ళు నోట్లో వేసుకున్నారు. "ఇక్కడా ఉప్పగానే ఉందని ఆవిడకి చెప్పు." వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అదే చోట దోసిలి పట్టింది. "చప్పగా ఉందని ఆయనకి చెప్పు. ఆయన నాలిక సంగతి ఊరందరికీ తెలుసని కూడా చెప్పు."

చివరికి తీర్పు నా మీద పడింది. తాగాను. ఉప్పగానూ ఉంది, చప్పగానూ ఉంది, ఇసక మాత్రం కచ్చితంగా ఉంది. నేను ఊస్తుంటే అబ్బులు, "సముద్రం పోటు మీదుందండి, ఇప్పుడేం తెలీదు" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పచ్చు కదా!

రెండూ యాభైకి సఖినేటిపల్లి రేవు. ఇక్కడ పంటు ఎక్కాలి. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పెద్ద తెప్పలాంటిది. కార్లు, ఆటోలు, మోటారుసైకిళ్ళు, మనుషులు అన్నీ ఎక్కుతాయి. చోటు పడదామని సంచులు, కేరేజీ, నిమ్మ మొక్క పట్టుకుని ముందు నేనెక్కేశాను. ఈయన ఒడ్డున సోడా తాగుతున్నారు. వదిన బళ్ళకి దారిచ్చి పక్కకి తప్పుకుంటే చెప్పు బురదలో దిగబడింది. వాళ్ళు వస్తున్నారనే అనుకుంటున్నాను. కాళ్ళ కింద బల్ల కదిలింది. చూస్తే ఒడ్డు దూరమవుతోంది.

"ఆపండి బాబూ! మా వాళ్ళు ఉండిపోయారు!"

"వెనకాల ఇంకోటి వస్తందమ్మా, అరగంటలో" అన్నాడు పంటు మీద మనిషి. వెనక్కి తిప్పే ఉద్దేశం అతని మొహంలో ఎక్కడా లేదు.

వదిన ఫోను నా సంచిలో ఉంది. ఈయన ఫోను ఏనుగు మొక్కల పుణ్యమా అని గుడి దగ్గరే చచ్చిపోయింది. నిజంగా భయమేసింది. ఆవిడకి బీపీ ఉంది. ఒంటి కాలు మీద బురదలో నిలబడి ఉంది. పక్కనున్న మనిషిని చెయ్యిమ్మని అడగాలన్నా మధ్యలో నేను లేను.

నది సగం దాటేసరికి ఒడ్డున రెండు చిన్న ఆకారాలు. ఒకటి నా వైపు చెయ్యి చూపిస్తోంది. రెండోది మొదటిదాని వైపు చూపిస్తోంది. తర్వాత రెండు చేతులూ గాల్లో తిరుగుతున్నాయి.

నా పక్కన చేపల గంపతో నిలబడ్డామె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కొట్టుకుంటన్నారండి!"

"కాదమ్మా, మాట్లాడుకుంటున్నారు" అన్నాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆమె నన్ను వింతగా చూసి గంప దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత చిన్న ఆకారాల్లో ఒకటి కిందికి వంగింది. రెండోది దాని భుజం మీద చెయ్యి వేసి ఆనుకుంది. అంతవరకే కనపడింది.

నరసాపురం ఒడ్డున టీకొట్టు బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాను. ముప్పావుగంట పట్టింది. పంటు ఒడ్డుకి తగలకముందే వాళ్ళ గొంతులు వినిపించాయి.

"దానికి మొదటి నుంచీ తొందరేరా. మీ పెళ్ళినాడు కూడా పురోహితుడి కంటే ముందొచ్చి పీటల మీద కూర్చుంది."

"నువ్వన్నదే నిజమక్కా. వెనక్కి తిరిగి చూసే అలవాటే లేదు."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. ఈయన చేతులకి మోచేతుల దాకా బురద. వదిన రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి. ఇద్దరూ కలిసి నన్ను పది నిమిషాలు చివాట్లు పెట్టారు. నా జీవితంలో అంత సంతోషంగా చివాట్లు తిన్నది లేదు.

"ముందు ఎవరు మాట్లాడారు?" అనడిగాను.

"వాడే. 'జారతావే అక్కా' అన్నాడు."

"కాదు, అక్కే. 'వెధవా, చూస్తావేంట్రా, పట్టుకో' అంది."

"సరే, మరి పెళ్ళికి పిలిచారా?"

వదినకి కోపమొచ్చింది. "నా మేనల్లుడి పెళ్ళికి నన్ను పిలిచేదేంటే? రేపటి నుంచి నేనే ఇంటింటికీ తిరిగి అందర్నీ పిలుస్తాను. ఆ కార్డులన్నీ ఇలా తీసుకురా."

పులస సంగతి ఏం తేల్చుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగు దాటాక నరసాపురంలో రైలు ఎక్కాం. బయల్దేరేది అక్కడే కాబట్టి ముందే వెళ్తే కిటికీలు దొరుకుతాయి. వాళ్ళిద్దరూ ఎదురెదురు కిటికీలు పట్టారు. భీమవరం దాకా చిన్నప్పుడు తిన్న దెబ్బలు, తణుకు దాకా చనిపోయిన చుట్టాలు, నిడదవోలు దాకా బతికున్న చుట్టాలు. నేను కాళ్ళు చాపుకుని రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలుకుతూ తిరిగే చక్రాలు చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నుంచీ నా నోటికి అదే మొదటి విశ్రాంతి.

కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి మసక పడింది. గోదారి రాగిరంగులో ఉంది. వదిన రూపాయి బిళ్ళ తీసి తమ్ముడి చేతికిచ్చి, "నువ్వు వెయ్యరా, నీ చెయ్యి పొడుగు" అంది. ఈయన దణ్ణం పెట్టుకుని కిటికీలోంచి విసిరారు. బిళ్ళ ఇనప దూలానికి ఠంగుమని తగిలి, తిన్నగా లోపలికొచ్చి, పక్క సీట్లో నిద్రపోతున్న పెద్దమనిషి బొజ్జ మీద పడింది. ఆయన ఒక కన్ను తెరిచాడు. బిళ్ళని చూశాడు. కళ్ళకద్దుకుని జేబులో వేసుకుని మళ్ళీ నిద్రపోయాడు.

మాకు నవ్వు ఆగలేదు. ఒకరి మొహం ఒకరం చూడటం, మళ్ళీ మొదలు. రాజమండ్రిలో రైలు ఆగింది కూడా తెలీలేదు. కదులుతుంటే కంగారుగా దిగాం, నిమ్మ మొక్క ఎవరు పట్టుకున్నారో, సంచులెవరు పట్టుకున్నారో తెలీకుండా.

గోదారి ఒక ఊళ్ళో చూస్తే ఒక్క నదిలా ఉంటుంది. రోజంతా దాని వెంట తిరిగితే కాలవై, పాయై, వంతెన కింద నీడై, సముద్రం దగ్గర ఏ రుచో తేలని నీళ్ళై ఎన్నో రకాలుగా కనపడుతుంది. అన్నీ ఒక్క రోజులో చూసెయ్యచ్చు. ప్లాట్‌ఫారం మీద వదిన కూలబడి, నవ్వీ నవ్వీ డొక్క పట్టుకుని, "ఒరేయ్, వచ్చే నెల యానాం వెళ్దాంరా" అంది. ఈయన అప్పటికే సంచులు కిందపెట్టి ఆవిడ పక్కన కూర్చున్నారు.