ఆవు గుమ్మంలో, మంత్రం ఫోనులో

మా నాన్నగారి పంచాంగాల పెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. ఇంత గట్టిగా ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, మా వీధిలో నా మాటని సగానికి తగ్గించి, ఆ సగాన్ని కూడా ఇంకొకరిని అడిగి గాని నమ్మరు. ఒక వరదలో అరటిబోదె పట్టుకుని వైనతేయ నది దాటానని చెప్పినందుకు ఇప్పటికీ రేవులో నన్ను చూసి నవ్వుతారు.

మేం ఇద్దరం అన్నదమ్ములం. నాన్నగారు ఇద్దరికీ వేదం తల పట్టుకుని నేర్పారు. నిజంగా తల పట్టుకునే. స్వరం దిగే చోట తల కిందికి వంచేవారు, లేచే చోట గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తేవారు. నా మెడ తొందరగా అలిసిపోయింది. నేను బడిపంతుల్నయ్యాను. తమ్ముడు నిలబడ్డాడు. నాన్నగారు పోయాక ముమ్మిడివరం చుట్టుపక్కల పౌరోహిత్యమంతా వాడిదే.

ఈమధ్య వాడికి పిలుపులు తగ్గాయి. ఫోనులో ఏఐ పంతులుగారు వచ్చారు. గోత్రం అడుగుతారు, ఇంటిల్లిపాది పేర్లూ అడిగి సంకల్పం చెబుతారు, అర్థం కావాలంటే విసుక్కోకుండా తెలుగులో విప్పి చెబుతారు. మొన్నొక ఇంటివారు వ్రతానికి పిలుస్తూ, "మంత్రాలు ఫోను చూసుకుంటుందండి, మీరొచ్చి కూర్చుంటే నిండుగా ఉంటుందండి" అన్నారట. వాడు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే మా పెదబావగారు అమలాపురంలో ఒక కాలేజీ ఆఫీసులో వాడికి ఉద్యోగం చూసిపెట్టారు. వస్తాడో రాడో సోమవారానికల్లా చెప్పాలి. నేను మొదటినుంచీ వద్దనే అన్నాను. "నాన్నగారి గొంతు నీ ఒక్కడి దగ్గరే మిగిలింది, దాన్ని తీసుకెళ్ళి ఫైళ్ళ మధ్య పెడతావా" అని కూడా అన్నాను. వాడింకా ఏదీ తేల్చుకోలేదు.

ఆదివారం ఒక రొయ్యల చెరువుల రైతుగారి గృహప్రవేశానికి తమ్ముణ్ణి పిలిచారు. నేనూ వెళ్ళాను, భోజనానికి. వాకిట్లో నిలువెత్తు స్పీకరు పెట్టి, దానికి ఫోను తగిలించి, హైదరాబాదునుంచి వచ్చిన అల్లుడుగారు సిద్ధంగా ఉన్నారు.

"అల్లుడుగారి ముచ్చటండి పంతులుగారూ, మరోలా అనుకోకండి" అన్నాడు రైతు.

"ఆయ్, దానికేముందండి. కానివ్వండి" అన్నాడు తమ్ముడు. వాడి చెవులు ఎర్రబడడం నాకొక్కడికే కనిపించింది.

ఫోను మొదలుపెట్టింది. ఒప్పుకోవాలి, గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడా ఆయాసం లేదు, దగ్గు లేదు. ముందు ఆవు ఇంట్లోకి వెళ్ళాలి, వెనక కలశంతో దంపతులు వెళ్ళాలి. ఆవు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల నేలంతా అద్దంలాంటి టైల్సు. అందులో ఇంకో ఆవు కనిపించింది కాబోలు, ముందుకాళ్ళు బిగదీసుకుంది. తోసినా కదలలేదు, అరటిపండు చూపించినా కదలలేదు. ఫోను మాత్రం ప్రవేశం ముగించి, దంపతుల్ని కుడికాలు ముందు పెట్టమని, పాలు పొంగినందుకు సంతోషమని చెప్పేసింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

అల్లుడుగారు కంగారుగా ఆగమన్నారు. "తప్పకుండా. ఎంతసేపు ఆగాలి?" అని మర్యాదగా అడిగింది ఫోను.

"ఆ మాట ఆవునడగాల" అంది రైతు తల్లి. పందిరి పందిరంతా నవ్వింది.

తమ్ముడు నవ్వలేదు. "చెరువు దగ్గర గోనెసంచులుంటాయి కదండీ, నాలుగు తడిపి గుమ్మంలోంచి లోపలిదాకా పరిపించండి. ముహూర్తం ఇంకా ఉంది" అని, వెంటనే శ్రీసూక్తం ఎత్తుకున్నాడు. పౌరోహిత్యంలో సగం పని ఇదే. పీటలమీది పిల్లకి గాజులు సరిపోకపోయినా, కొబ్బరికాయ కొట్టే కత్తి కనపడకపోయినా, ఓరకంట చూసి ఇంకో సూక్తం అందుకుంటాడు. తమకోసం ఒకడు ఆగాడని ఎవరికీ తెలియదు. సంచులు వచ్చేదాకా వాడు అలా సాగదీస్తున్నాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అంతలో ఫోనువైపే చూస్తున్న అల్లుడుగారు మెల్లిగా అన్నారు. "పంతులుగారూ, ఏమీ అనుకోకండి. ఇందాకటి మాట దగ్గర స్వరం లేవాలంటోందండి ఇది. మీరు సమంగా చదివేరు."

"ఆయన్నే తప్పుబడతారేటండి" అని కసిరాడు రైతు.

నాకు ఒళ్ళు మండింది. మా శాఖలో అలాగే చదువుతారండి, కాశీనుంచి పండితులొచ్చి విని వెళ్ళారు అని చెప్పడానికి నోరు తెరిచాను. తమ్ముడు చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఏదండీ, ఇంకోసారి వినిపించండి."

ఫోను చదివింది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, గడ్డం కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు వాడి తల దానంతటది పైకి లేచింది.

"ఆయ్. తప్పు నాదేనండి. మళ్ళీ మొదటినుంచి చదువుతాను."

పందిరినిండా జనం. ఏ ఫోను తన పని లాక్కుంటోందో ఆ ఫోను ముందే ఒప్పుకున్నాడు. మొదటినుంచి చదివాడు, ఆ చోట స్వరం సరిగ్గా లేచింది. తడి సంచుల మీద ఆవు ఒక్కొక్క అడుగే వేసి లోపలికి వెళ్ళింది. స్వరం వల్ల వెళ్ళిందని నేననను, సంచుల వల్లే. వెళ్తూ వెళ్తూ ఫోను పక్కన ఒకసారి అంబా అంది. "క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు" అంది ఫోను.

తిరిగొస్తూ కాలవగట్టు మీద బండి ఆపించి అడిగాను. "రేపు ఏం చెబుతావురా?"

"రానని చెబుతానన్నయ్యా."

"ఫోను ఓడిపోయిందనా?"

"ఓడిపోయిందెక్కడ, స్వరం దానిదే రైటు. నాన్నగారు పోయేక నా తప్పు చెప్పినవాళ్ళు లేరు. నువ్వు పక్కనే ఉన్నావు, నీకూ తెలీలేదు." నేను కాలవలోకి చూశాను. వాడే మళ్ళీ అన్నాడు. "ఇన్నాళ్ళూ పందిట్లో వాళ్ళ కబుర్లు వాళ్ళవి, నా చదువు నాది. ఇవేళ ఆ అబ్బాయి ప్రతి మాటా విన్నాడు. వినేవాడు దొరికేక మానెయ్యమంటావేంటి?"

ఇప్పుడు తన ఫోనులోనూ ఆ ఏఐ పంతులుగారిని పెట్టించుకుని, పొద్దున్నే స్నానం చేసి దాని ముందు కూర్చుని వల్లె వేస్తున్నాడు. కొన్నిచోట్ల దానితో పోట్లాడుతున్నాడు కూడా. వాడికి పిలుపులు పెరుగుతాయో ఇంకా తగ్గుతాయో నాకు తెలియదు.

ప్రమాణం చేశాను గనక ఒకటి ఒప్పుకోవాలి. ఆవు నిజం, సంచులు నిజం, ఆవుకి ఫోను జవాబివ్వడం కూడా నిజం. పెదబావగారు అబద్ధం. అసలు మాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆ ఉద్యోగం కోసం కాలేజీ చుట్టూ తిరిగింది నేనే, పౌరోహిత్యం మానెయ్యమని వాణ్ణి నెలరోజులు పోరిందీ నేనే. నాన్నగారి గొంతు గురించి నేను అన్నానన్న మాటలు ఇది రాస్తున్నప్పుడు తోచినవి. సోమవారం పొద్దున్న కాలేజీకి వెళ్ళి "మావాడు రాడండి" అని చెప్పి వచ్చింది కూడా నేనే. జీవితంలో అంత గర్వంగా ఎవరికీ కాదని చెప్పలేదు.