నిలబడి నేర్చిన ఫిడేలు

ఆ రోజుల్లో, అచ్చులో పడిన మాట తప్పు కావచ్చునని ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ని కాను. యుద్ధం జరుగుతున్న ఆ ఏళ్లలో చిత్తూరు గ్రంథాలయంలోని నాలుగు బీరువాల్లో మూడింటిని ఖాళీ చేసినవాణ్ని (చదివి, ఎత్తుకుపోయి కాదు). థర్డు ఫారంతో బడి మానేసిన నాకు ఇంగ్లీషూ భూగోళమూ పశువైద్యమూ నేర్పింది ఆ బీరువాలే. అందుకని మదరాసులో ఉండే మా మామ తన పాత ఫిడేలు నాకిచ్చినప్పుడు నేను గురువును వెతకలేదు, నాలుగో బీరువా తెరిచాను. అందులో దొరికిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక దొర నిటారుగా నిలబడి, ఫిడేలును గడ్డం కింద బిగించి, కమాను మీదే చూపు నిలిపి వాయిస్తున్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది పాటు నేనూ అట్లాగే నిలబడ్డాను. స్వరాలు అచ్చువేసిన తెలుగు పుస్తకం ఒకటి చూసి ఒక కీర్తన కూడా పట్టుకున్నాను.

మనవైపు ఫిడేలు నేలమీద కూర్చుని, దాని తలను కుడిపాదం మీద ఆనించి వాయిస్తారు. పక్క వీధి సంగీతం అయ్యవారికి వినిపిద్దామని పోతే, ఆయన నన్ను చూసి ముందు కూర్చోమన్నారు. నేను కూర్చోకుండా బొమ్మ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఆ దొర బూట్లేసుకోని ఉండాడు. రేపు నువ్వూ బూట్లతో వస్తావా అబ్బీ? నిలబడితే ఎడమచెయ్యి ఫిడేలును మోసేదానికే సరిపోతాది, గమకానికి జారదు. కూర్చునే బుద్ధి పుట్టిననాడు రా."

ఈ పుస్తకం మూడుసార్లు అచ్చయిందని చెప్పి వచ్చేశాను. (అయ్యవారు ఒక్కసారి కూడా అచ్చు కాలేదు కదా అని నా ఉద్దేశం.)

సంగతి మా నాయనకు తెలిసింది. ఆయనది బెల్లం మండీ. ధనుర్మాసం అయ్యేలోగా నా వాయింపు పదిమంది కడదాకా వింటే ఫిడేలు ఇంట్లో ఉంటుంది, లేకుంటే మామకు తిరిగిపోతుంది, నేను మండీలో చేరాలి అని తేల్చేశాడు. సరేనన్నాను. ఆ నెలలో తెల్లవారుజామున భజన గోష్ఠి వీధులన్నీ తిరుగుతుంది. కూర్చుని వాయించేవాడు నడుస్తూ వాయించలేడు, నేను వాయించగలను అని వాదించి గోష్ఠిలో చేరిపోయాను. అక్కడ దొరే గెలిచాడు.

మొదటి రెండు వీధులూ బాగానే సాగింది. అయితే గడ్డం ఎడమకు బిగించి కమానునే చూసేవాడికి కుడివైపు సందు కనబడదు. చెవిలో ఫిడేలు మోగుతుంటే తాళాలు దూరమైన సంగతీ తెలియలేదు. గోష్ఠి కుడికి తిరిగింది, నేను నేరుగా పోయాను. బెల్లం వాసన ముక్కుకు తగిలి తల ఎత్తేసరికి మండీ గుమ్మంలో ఉన్నాను. ఎదురుగా నాయన. ఆయన వెనక, తలల మీద బెల్లం దిమ్మెలతో బయటికి రాబోతున్న బండివాళ్లు.

"యాడరా నీ గోష్ఠి?"

"వెనకాల వస్తాండారు," అన్నాను గడ్డం తియ్యకుండానే.

ఆపితే ఫిడేలు మదరాసు పోతుంది. చరణం ఎత్తుకున్నాను. ధనుర్మాసంలో దేవుడి కీర్తనకు అడ్డం పోవడం మావైపు మహాపాపం. బండివాళ్లు బరువులతో అట్లాగే నిలబడిపోయారు. వాళ్లలో పెద్దాయన మాత్రం మెల్లగా, "కానీప్పా, కానీ. పల్లవి ఇంగొకసారి రాకుండా సూసుకో," అన్నాడు.

పల్లవి ఇంకోసారి వాయించాను. పుస్తకంలో అట్లాగే ఉంది.

అందరూ దిమ్మెలు దించుకున్నాక నాయన నన్ను పక్కకు పిలిచాడు. "పదకొండు మంది ఇన్నారు, మాట మాటే. ఫిడేలు ఉండనీ. కానీ రేపు పోయి ఆ అయ్యవారి కాడ కూర్చో. ఇనేవాళ్ల మెడలు ఇరిగిపోతే ఎట్లరా?"

కూర్చున్నాను. నాయన చెప్పినందుకే కూర్చుంటున్నానని, పుస్తకం తప్పని ఒప్పుకోవడం లేదని అయ్యవారికి ముందే చెప్పాను. ఆయన ఇంకో చాప పరిచి, "దాన్ని గూడా కూర్చోబెట్టు," అన్నారు.

రెండేళ్లకు గమకాలు పలికాయి. ఆ తర్వాత తిరుపతిలోనూ తిరుచానూరులోనూ ఎన్నో కచేరీల్లో పక్కవాద్యం వాయించాను, పాడేవాళ్లు తిరిగిన ప్రతి మలుపులోనూ వాళ్లతోపాటే తిరిగాను. తప్పు దొర్లితే ఎవరికీ వినబడకుండా కమాను తేలిక చేయడం కూడా నేర్చుకున్నాను. కానీ ఆ తెల్లవారుజామున వాయించినంత ధైర్యంగా తప్పు వాయించడం మళ్లీ నాకు చేతకాలేదు.